లినక్స్ మింట్‌లో పాత కానన్ స్కానర్ కనబడటం లేదు, కాస్త సాయం చెయ్యండి

తెనాలి_రిటైర్డ్
నవంబర్ 8, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. నేను రిటైరైన లెక్కల మాస్టారిని. కంప్యూటర్ వాడటం వచ్చు గానీ దాని లోపలి సంగతులు తెలియవు. ఇంట్లో 2012లో కొన్న ఐ3 డెస్క్‌టాప్ ఉంది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో అప్‌డేట్లు ఆగిపోతాయి, ఈ ప్రాసెసర్ మీద విండోస్ 11 ఎక్కదు అని చెప్పి, దసరాకి డాలస్ నుంచి వచ్చిన మా మేనల్లుడు లినక్స్ మింట్ 22 వేసి వెళ్ళాడు. నిజం చెప్పాలంటే ఇదివరకటికన్నా చురుగ్గానే ఉంది. తెలుగు టైపింగ్, యూట్యూబ్, బ్యాంకు పనులు అన్నీ అవుతున్నాయి.

చిక్కల్లా స్కానర్ దగ్గరే. కానన్ లైడ్ 110. విండోస్‌లో పదేళ్ళపైన నమ్మకంగా పనిచేసింది. ఇప్పుడు మెనూలో ఉన్న "డాక్యుమెంట్ స్కానర్" తెరిస్తే స్కానర్లేవీ లేవంటోంది. దాంతోపాటు వచ్చిన సీడీ పెట్టి సెటప్ మీద నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు.

పనేమిటో కూడా చెబుతాను. మా నాన్నగారు పౌరాణిక నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారు. ఆయన చేత్తో రాసుకున్న పద్యాల నోటుబుక్కులు నాలుగున్నాయి. అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. ఊళ్ళో ఒక జిరాక్స్ షాపులో ఇస్తే రెండు పేజీలు చినిగి వచ్చాయి. ఇక వాటిని ఇల్లు దాటనివ్వను. సంక్రాంతికి మా అక్కచెల్లెళ్ళందరికీ తలా ఒక కాపీ ఇవ్వాలని ఆశ. కొత్త స్కానర్ కొనాల్సిందేనా?

ఓరుగల్లు_పోరడు
నవంబర్ 8, రాత్రి 8:52

సార్, సీడీ పక్కన పడేయండి, అది విండోస్‌కే. టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీ, తెరిచి సుడోతో, అంటే సిస్టమ్ యజమాని అధికారంతో, సింపుల్ స్కాన్ నడిపి చూడండి. మీరు తెరిచిన "డాక్యుమెంట్ స్కానర్" అసలు పేరే అది. సుడో పెడితే సగం రోగాలు పోతయ్.

నల్లతెర
నవంబర్ 8, రాత్రి 9:15

మాస్టారూ, కొత్తది కొనకండి. లైడ్ 110కి లినక్స్‌లో మంచి మద్దతు ఉంది. డ్రైవర్ ఎక్కడినుంచో దించుకోనక్కర్లేదు, మింట్‌తోపాటే మీ కంప్యూటర్‌లోకి వచ్చేసింది.

పోరడూ, సుడో అప్పుడే వద్దు తమ్ముడూ. రోగం ఎక్కడుందో తెలియకుండా సుడో పెడితే అది తగ్గదు, కప్పబడిపోతుంది. పైగా ఇలా కిటికీలు తెరుచుకునే ప్రోగ్రాములు సుడోతో నడిపితే, దాచిన ఫైళ్ళు మాస్టారి పేరు మీద కాక రూట్, అంటే సిస్టమ్ యజమాని, పేరు మీద తయారవుతాయి. రేపు వాటిని ఆయనే మార్చలేక కూర్చుంటారు.

లినక్స్‌లో స్కానర్ పనిచెయ్యాలంటే నాలుగు గుమ్మాలు దాటాలి. మొదటిది, తీగ చివర ఏదో ఉందని కెర్నల్‌కి, అంటే లినక్స్ గుండెకాయకి, తెలియాలి. రెండోది, ఆ ఉన్నదానితో ఏ భాషలో మాట్లాడాలో సేన్‌కి తెలియాలి. సేన్ అంటే 1996 నుంచీ వస్తున్న స్కానర్ల వ్యవస్థ. ఒక్కో రకం స్కానర్‌కి అందులో ఒక్కో బ్యాకెండ్, అంటే ఆ స్కానర్ భాష తెలిసిన ముక్క, ఉంటుంది, మీదానికి జెనెసిస్ అనేది. మూడోది, ఆ పరికరాన్ని ముట్టుకునే అనుమతి మీకు ఉండాలి. నాలుగోది, పైన కనబడే ప్రోగ్రామ్. జనం అందరూ నాలుగో గుమ్మం దగ్గర నిలబడి తలుపు బాదుతారు. మనం మొదటి దాని దగ్గర మొదలెడదాం.

టెర్మినల్ తెరవండి. ఫోన్‌లో చెప్పినట్టు చెబుతాను, చిన్న అక్షరాల్లో కొట్టండి: ఎల్, ఎస్, యూ, ఎస్, బీ. అన్నీ కలిపి, మధ్యలో ఖాళీ లేకుండా. ఎంటర్ కొట్టి, వచ్చిన వరుసల్లో కానన్ అన్న మాటగానీ 04ఏ9 అన్న అంకెగానీ ఉందేమో చూడండి. 04ఏ9 అంటే యూఎస్‌బీ లెక్కల్లో కానన్ ఇంటిపేరు.

తెనాలి_రిటైర్డ్
నవంబర్ 8, రాత్రి 9:48

ఇంటిపేరు అన్నారు చూడండి, అది బాగా అర్థమైంది. కొట్టాను. ఎనిమిది వరుసలొచ్చాయి. మౌస్, కీబోర్డు, పెన్‌డ్రైవ్, వైఫై ముక్క, మిగతావి "రూట్ హబ్", "హబ్" అని ఉన్నాయి. కానన్ లేదు. 04ఏ9 లేదు.

నల్లతెర
నవంబర్ 8, రాత్రి 9:55

అంటే మొదటి గుమ్మమే దాటలేదు. ఇది సాఫ్ట్‌వేర్ గొడవ కాదు. ఎన్ని ప్యాకేజీలు వేసినా లాభం లేదు.

స్కానర్ తీగ తీసి, పది లెక్కపెట్టి, మళ్ళీ గుచ్చండి. వెంటనే సుడో, ఖాళీ, డి, ఎం, ఇ, ఎస్, జి కొట్టండి. కెర్నల్ రాసుకున్న డైరీ చూపిస్తుంది. పాస్‌వర్డ్ అడుగుతుంది, టైప్ చేస్తుంటే చుక్కలు కూడా కనబడకపోవచ్చు, కంగారు పడకండి. చివరి నాలుగైదు వరుసలు ఇక్కడ పెట్టండి.

ఇంకో మాట, స్కానర్ తీగ సరిగ్గా ఎక్కడికి వెళ్తోంది? నేరుగా సీపీయూ డబ్బాకా, మధ్యలో ఏమైనా ఉందా?

తెనాలి_రిటైర్డ్
నవంబర్ 8, రాత్రి 10:20

చివరి వరుసల్లో "డివైస్ డిస్క్రిప్టర్ రీడ్, ఎర్రర్ మైనస్ 71" అని నాలుగుసార్లు ఉంది. ఆ తర్వాత "యూఎస్‌బీ పరికరాన్ని గుర్తించడం కుదరలేదు" అన్న అర్థం వచ్చే వాక్యం.

తీగ సంగతి. మేనల్లుడు సీపీయూని బల్ల కిందికి జరిపాడు. అక్కడికి స్కానర్ తీగ అందక, ఎక్స్‌టెన్షన్ తీగ ఒకటి వేసి, దాని చివర నాలుగు నోళ్ళ హబ్బు పెట్టాడు. స్కానర్, పెన్‌డ్రైవ్, వైఫై ముక్క మూడూ దానికే ఉన్నాయి.

జిరాక్స్_వాసు
నవంబర్ 8, రాత్రి 10:31

దొరికాడు దొంగ!

మాస్టారూ, ముందుగా మా జిరాక్స్ కులం తరఫున ఆ రెండు పేజీలకి క్షమాపణ. నాది భీమవరంలో చిన్న షాపు. మూడు కంప్యూటర్లూ లినక్సే.

లైడ్ స్కానర్‌కి విడిగా కరెంటు ప్లగ్గు ఉండదు గమనించారా? లోపలి ఎల్ఈడీ దీపాలు, ఆ కడ్డీని నడిపే మోటారు అన్నీ యూఎస్‌బీ తీగలో వచ్చే కరెంటుతోనే బతకాలి. యూఎస్‌బీ 2 నోరు ఒకటి ఇచ్చేది గరిష్ఠంగా 500 మిల్లీఆంపియర్లు. అడాప్టర్ లేని హబ్బు పెడితే, లెక్క ప్రకారం ఒక్కో నోటికి 100 మాత్రమే దక్కుతాయి. నలుగురు అన్నదమ్ములకి అరెకరం పంచినట్టు. హబ్బు, ఎక్స్‌టెన్షన్ రెండూ తీసేయండి. స్కానర్ డబ్బాలో వచ్చిన అసలు తీగనే సీపీయూ వెనకాల గుచ్చండి. ముందు వైపు నోళ్ళు వద్దు, అవి లోపల ఇంకో సన్న తీగతో మదర్‌బోర్డుకి వెళ్తాయి.

నల్లతెర
నవంబర్ 8, రాత్రి 10:36

వాసుగారు చెప్పిందే. మైనస్ 71 అంటే అవతలివాడు ఏదో అంటున్నాడు గానీ మాట ముక్కలుముక్కలుగా వినబడుతోందని. దానికి తీగ, హబ్బు, కరెంటు, ఈ మూడింటిలో ఒకటి కారణమై ఉంటుంది. చాలా అరుదుగా స్కానరే పోయి ఉంటుంది, దాన్ని ఆఖరున అనుమానిద్దాం.

తెనాలి_రిటైర్డ్
నవంబర్ 9, ఉదయం 6:10

బల్ల కిందికి దూరి, నడుము పట్టేసి, వెనకాల గుచ్చాను. ఎల్ఎస్‌యూఎస్‌బీ కొడితే ఇప్పుడిది వచ్చింది:

బస్ 001 డివైస్ 005: ఐడీ 04ఏ9:1909 కానన్, లైడ్ 110

ఇంటిపేరుతో సహా దిగాడు. కానీ ఒక అపశ్రుతి. నేను పరీక్షించేలోపే మేనల్లుడు అక్కడినుంచి లోపలికొచ్చి చూశాడట. వాడికి స్కానర్ దొరకలేదంటున్నాడు. వాడినే ఇక్కడ రాయమన్నాను. నేను పాలకి వెళ్ళొస్తా.

మేనల్లుడు_డాలస్
నవంబర్ 9, ఉదయం 6:25

నమస్తే అందరికీ. హబ్బు పెట్టిన పాపాత్ముణ్ణి నేనే.

మావయ్య కంప్యూటర్‌లో నా పేరుతో వేరే అకౌంట్ పెట్టుకున్నాను, ఎస్ఎస్‌హెచ్‌తో, అంటే దూరం నుంచే టెర్మినల్ తెరిచే పద్ధతిలో, దాంట్లోకి వెళ్తాను. ఎల్ఎస్‌యూఎస్‌బీలో స్కానర్ కనబడుతోంది. కానీ సేన్ వాళ్ళ స్కానింగ్ కమాండ్ స్కాన్ఇమేజ్, ఖాళీ, గీత, పెద్ద ఎల్ కొడితే "స్కానర్లేవీ గుర్తించలేదు" అంటోంది. అదే సుడోతో కొడితే "జెనెసిస్:లిబ్‌యూఎస్‌బీ:001:005 అనేది కానన్ లైడ్ 110 ఫ్లాట్‌బెడ్ స్కానర్" అని చక్కగా చెబుతోంది. అంటే రెండో గుమ్మం దాటింది, మూడోదాని దగ్గర ఆగింది. యూడెవ్ రూల్, అంటే పరికరం గుచ్చగానే ఎవరికి అనుమతో చెప్పే నియమం, ఒకటి రాయాలా?

ఓరుగల్లు_పోరడు
నవంబర్ 9, ఉదయం 7:02

అన్నా, రూల్ గీల్ ఎందుకు? డెవ్ ఫోల్డర్లో బస్, యూఎస్‌బీ, 001 లోపల 005 ఉంటది. దానికి సీహెచ్‌మోడ్ 666 కొట్టు, అందరికీ అనుమతి వచ్చేస్తది. నేను హాస్టల్‌లో అట్లనే చేసిన, పనిచేసింది.

నల్లతెర
నవంబర్ 9, ఉదయం 7:20

పోరడూ, ఆ రోజు పనిచేసింది. తర్వాతి రోజు?

ఓరుగల్లు_పోరడు
నవంబర్ 9, ఉదయం 7:24

తర్వాతి రోజు మళ్ళీ కొట్టిన 😅

నల్లతెర
నవంబర్ 9, ఉదయం 7:50

అదే చెప్పబోతున్నా. ఆ 005 స్కానర్‌కి శాశ్వతమైన డోర్ నంబర్ కాదు, ఆసుపత్రిలో టోకెన్ లాంటిది. తీగ తీసి పెడితే 006 అవుతుంది, రీబూట్ చేస్తే 003 అవుతుంది. కొత్త నంబరుతో పాటు కొత్త అనుమతులూ వస్తాయి, నువ్వు కొట్టిన 666 గాలికి పోతుంది.

మేనల్లుడుగారూ, రూల్ మీరు రాయనక్కర్లేదు. సేన్ ప్యాకేజీతోనే వచ్చింది, దాంట్లో 04ఏ9:1909 ఉంది. సంగతేమిటంటే, ఆ రూల్ ప్రకారం స్కానర్ అనుమతి ఇద్దరికి దక్కుతుంది. ఒకరు, ఆ కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుని లాగిన్ అయిన మనిషి. రెండోది, "స్కానర్" అనే గ్రూపులో ఉన్నవాళ్ళు. మీరు డాలస్‌లో ఉన్నారు, కుర్చీలో లేరు. మింట్ మామూలుగా ఎవర్నీ ఆ గ్రూపులో చేర్చదు కాబట్టి అందులోనూ లేరు. అందుకే మీకు తలుపు వేసింది. మావయ్యకి తెరిచే ఉంటుందని నా పందెం.

నమ్మకం కుదరకపోతే గెట్ఎఫ్ఏసీఎల్ అనే కమాండ్‌ని ఆ 005 ఫైలు మీద నడపండి. ఆ క్షణాన ఎవరెవరికి అనుమతి ఉందో పేర్లతో సహా చెబుతుంది. మావయ్య లాగిన్ అయి ఉంటే ఆయన పేరు కనబడుతుంది, మీది కనబడదు.

మీరు దూరం నుంచి కూడా స్కాన్ చెయ్యాలనుకుంటే మీ పేరుని స్కానర్ గ్రూపులో చేర్చుకోండి: సుడో యూజర్‌మోడ్, గీత చిన్న ఏ పెద్ద జీ, స్కానర్, మీ యూజర్ పేరు. ఆ చిన్న ఏ మర్చిపోతే మిగతా గ్రూపులన్నిట్లోంచీ మిమ్మల్ని తీసేస్తుంది, సుడో కూడా పోతుంది. ఒకసారి అలా పోగొట్టుకుని, రాత్రి రెండింటికి సర్వర్ గదికి బైక్ మీద వెళ్ళినవాణ్ణి చెబుతున్నా. చేరాక లాగౌట్ అయి మళ్ళీ రండి, అప్పటిదాకా అమల్లోకి రాదు.

తెనాలి_రిటైర్డ్
నవంబర్ 9, ఉదయం 8:35

పందెం మీరే గెలిచారు. నేను కుర్చీలో కూర్చుని "డాక్యుమెంట్ స్కానర్" తెరిస్తే పైన "కానన్ లైడ్ 110" అని దానంతటదే వచ్చింది. ఏ కమాండూ కొట్టలేదు.

కానీ ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, ఇంకో చిక్కు. స్కాన్ నొక్కితే లోపల లైటు కదిలి, పేజీలో మూడో వంతు దాకా వచ్చి ఆగిపోతోంది. "స్కానర్‌తో మాట్లాడటంలో పొరపాటు" అని వస్తోంది. తీగ తీసి పెడితే మళ్ళీ ఒకసారి మొదలవుతుంది, మళ్ళీ అక్కడే ఆగుతుంది. ఆగినప్పుడు కిర్రుమని చిన్న చప్పుడు.

జిరాక్స్_వాసు
నవంబర్ 9, ఉదయం 8:41

నీలం రంగు నోట్లో గుచ్చారా?

తెనాలి_రిటైర్డ్
నవంబర్ 9, ఉదయం 8:50

అవును! మీకెలా తెలుసు? వెనకాల రెండు నీలంవి, నాలుగు నల్లవి ఉన్నాయి. నీలంది వేగం ఎక్కువని మేనల్లుడు ఎప్పుడో అన్నాడు.

జిరాక్స్_వాసు
నవంబర్ 9, ఉదయం 8:53

నల్లదాంట్లో పెట్టండి మాస్టారూ. ఈ స్కానర్ యూఎస్‌బీ 2 కాలం మనిషి, నీలం నోరు దానికి లాభించదు. కారణం నల్లతెర గారు చెబుతారు. నాకు తెలిసిందల్లా, మా షాపులో నీలం నోళ్ళకి పేపర్ టేపు అంటించి "స్కానర్ వద్దు" అని రాసిపెట్టా.

నల్లతెర
నవంబర్ 9, ఉదయం 9:30

వాసుగారి టేపు పనిచేస్తుంది గానీ, రంగు మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోకండి. అసలు తేడా ఆ నోటి వెనక ఉండి దాన్ని నడిపే చిప్పుది, అంటే కంట్రోలర్‌ది. 2012 నాటి బోర్డుల్లో నల్ల నోళ్ళకి ఈహెచ్‌సీఐ అనే పాత కంట్రోలర్ ఉండేది, నీలంవాటికి ఎక్స్‌హెచ్‌సీఐ అనే కొత్తది. కొన్ని పాత స్కానర్లకీ ఈ కొత్త కంట్రోలర్‌కీ పొసగదు. ఒకసారి స్కాన్ అయి రెండోసారి అవ్వకపోవడం, మధ్యలో ఆగిపోవడం దాని లక్షణాలు. మాస్టారి బోర్డు పాతది కాబట్టి నోరు మారిస్తే చాలు. పాత బోర్డు ఉండటం కూడా ఒక్కోసారి అదృష్టమే.

ఇప్పుడొచ్చే కంప్యూటర్లలో నల్ల నోరైనా, తెల్ల నోరైనా వెనక ఉండేది ఎక్స్‌హెచ్‌సీఐయే. అక్కడ రంగు మార్చి లాభం లేదు. ఎల్ఎస్‌యూఎస్‌బీ పక్కన ఖాళీ, గీత, చిన్న టీ కొడితే ఏ నోరు ఏ కంట్రోలర్ కిందకొస్తుందో చెట్టులా గీసి చూపిస్తుంది. రెండూ ఎక్స్‌హెచ్‌సీఐ అయినవాళ్ళు సేన్, యూఎస్‌బీ, వర్క్ఎరౌండ్ అన్న మూడు మాటలు అడుగుగీతలతో కలిపి, పెద్ద అక్షరాల్లో, సమానం 1 అని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా, అంటే ప్రోగ్రామ్ మొదలవకముందే దానికి చెప్పి ఉంచే సెట్టింగుగా, పెట్టి చూడండి. సేన్‌లో సరిగ్గా ఈ గొడవ కోసమే పెట్టిన మీట అది. అందరికీ పనిచేస్తుందని చెప్పను, చాలామందికి పనిచేసింది.

తెనాలి_రిటైర్డ్
నవంబర్ 9, ఉదయం 10:15

అయ్యా, పేజీ మొత్తం వచ్చింది!

నల్ల నోట్లో పెట్టాను. ముందు భయంతో కరెంటు బిల్లు పెట్టి చూశాను. పచ్చటి వెలుతురు ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఆగకుండా వచ్చి, వెనక్కి వెళ్ళి తన చోట్లో పడుకుంది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ వచ్చింది. అయిదుసార్లు చేశాను, అయిదుసార్లూ వచ్చింది. మా ఆవిడ "కరెంటు బిల్లు అన్ని కాపీలెందుకు" అంది.

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. కొత్త స్కానర్ కోసం తీసిపెట్టిన డబ్బుతో మేనల్లుడికి కొత్త హబ్బు కొని పంపిస్తాను.

మేనల్లుడు_డాలస్
నవంబర్ 9, ఉదయం 10:22

మావయ్యా 🙏 అడాప్టర్ ఉన్నది కొను.

గ్రూపులో చేరాను, ఇప్పుడు నాకూ సుడో లేకుండా కనబడుతోంది.

పాతసామాన్లు
నవంబర్ 9, మధ్యాహ్నం 1:05

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నా దగ్గర ఎప్సన్ పర్ఫెక్షన్ 2480 ఉంది, ఫొటో నెగెటివ్‌లు కూడా స్కాన్ చేస్తుంది. ఎల్ఎస్‌యూఎస్‌బీలో కనబడుతుంది, స్కాన్ఇమేజ్ మాత్రం తెరవలేకపోతోంది. హబ్బు లేదు, నోరు నల్లదే, సుడోతోనూ అంతే.

నల్లతెర
నవంబర్ 9, మధ్యాహ్నం 1:40

మీది రెండో గుమ్మం కథ. ఆ తరం స్కానర్లు కొన్నిట్లో ఫర్మ్‌వేర్, అంటే స్కానర్‌ని నడిపే సొంత ప్రోగ్రామ్, లోపల నిల్వ ఉండదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే దాన్ని ఎక్కించాలి. నిద్ర లేవగానే పేరు మర్చిపోయే మనిషనుకోండి. విండోస్ డ్రైవర్ ఆ పని చెప్పకుండా చేసేది. ఆ ఫైలుని పంచిపెట్టే హక్కు లినక్స్ వాళ్ళకి లేదు, అందుకని మీరే తెచ్చుకోవాలి. మీ పాత సీడీలోగానీ, ఏదైనా పాత విండోస్ ఇన్‌స్టలేషన్‌లోగానీ ఈఎస్ఎఫ్‌డబ్ల్యూ41 డాట్ బిన్ అనే ఫైలు ఉంటుంది. దాన్ని ఒక చోట పెట్టి, ఈటీసీలో సేన్ డాట్ డీ ఫోల్డర్లో ఉన్న స్నాప్‌స్కాన్ కాన్ఫ్ ఫైలు తెరిచి, ఫర్మ్‌వేర్ అన్న వరుసలో ఆ ఫైలు దారి పూర్తిగా రాయండి. సీడీ పారేయలేదుగా?

పాతసామాన్లు
నవంబర్ 9, మధ్యాహ్నం 1:44

నా పేరు చూసి ఆ ప్రశ్న అడుగుతారా? సీడీలు కాదు, ఫ్లాపీలు కూడా ఉన్నాయి.

ఓరుగల్లు_పోరడు
నవంబర్ 9, మధ్యాహ్నం 2:10

నాదీ ఒకటి. మా అక్క దగ్గర కొత్త ప్రింటర్ ఉంది, స్కానరూ దాంట్లోనే. ఉబుంటులో లిస్టులో రెండుసార్లు కనబడుతది. ఒకటి నొక్కితే "డివైస్ బిజీ", ఇంకోటి నొక్కితే పనిచేస్తది. సీహెచ్‌మోడ్ కొట్టలేదు, ఒట్టు.

నల్లతెర
నవంబర్ 9, మధ్యాహ్నం 2:30

బుద్ధిమంతుడివి. ఇప్పటి మల్టీఫంక్షన్ ప్రింటర్లు చాలావరకు ఏ డ్రైవరూ లేకుండా, యూఎస్‌బీ తీగ మీదే నెట్‌వర్క్ ప్రింటర్‌లా మాట్లాడతాయి. ఐపీపీ యూఎస్‌బీ అనే సర్వీసు ఆ తీగని తన చేతిలో పెట్టుకుంటుంది. పాత బ్యాకెండ్ వచ్చి అదే తీగ అడిగితే "బిజీ" అంటుంది. ఒక సీట్లో ఇద్దరు కూర్చోలేరు కదా. లిస్టులో ఎయిర్‌స్కాన్ అనో ఈఎస్‌సీఎల్ అనో ఉన్నదాన్ని ఎంచుకో, రెండోదాని జోలికి పోకు. ఆ సర్వీసుని ఆపమని నెట్‌లో సలహాలు కనబడతాయి. ఆపితే ప్రింటు దానిమీదే ఆధారపడి ఉంటే అదీ ఆగుతుంది.

నిర్వాహకుడు
నవంబర్ 9, మధ్యాహ్నం 2:45

కొత్త సమస్యలకి కొత్త దారం (థ్రెడ్) మొదలుపెట్టండి బాబూ. ఇది మాస్టారి దారం.

వికీసోర్స్_అక్క
నవంబర్ 9, సాయంత్రం 5:20

మాస్టారి దారమే కాబట్టి, మాస్టారి నోటుబుక్కుల గురించి మాట్లాడతాను. నేను తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల మీద పనిచేస్తుంటాను, స్కానింగ్‌లో చెయ్యగల తప్పులన్నీ చేసేశాను.

మాస్టారూ, మొదలుపెట్టకముందు మూడు మాటలు. లైడ్ స్కానర్లో ఉండే సెన్సరు అద్దానికి బాగా దగ్గరగా ఉంటుంది. అందుకే అంత పల్చగా చెయ్యగలిగారు. కానీ కాగితం అద్దానికి ఆనుకుని ఉంటేనే స్పష్టంగా వస్తుంది. కుట్టు దగ్గర కాగితం కాస్త లేచిందా, అక్కడ అక్షరాలు మసకబారి నల్లగా వస్తాయి. సరిగ్గా రావాలని నోటుబుక్కుని బోర్లించి అదమకండి, వెన్ను విరుగుతుంది. ఒక్కో పేజీనే, బుక్కు అంచు స్కానర్ అంచుకి ఆనించి, రెండో సగం కిందికి వేలాడేలా పెట్టి చూడండి. కింద రెండు దిండ్లు పేర్చి వేలాడే సగాన్ని మొయ్యాలి. అలా కుదరనంత బలహీనంగా ఉన్న బుక్కుని స్కానర్ మీద పెట్టనే వద్దు. కిటికీ పక్కన పెట్టి పైనుంచి ఫోన్‌తో ఫొటో తియ్యడం నయం.

రెండోది, అది ఇంకు రాత అయితే అవతలి పేజీ అక్షరాలు ఇవతలికి తేలుతూ కనబడతాయి. పేజీ వెనకాల నల్ల డ్రాయింగ్ కాగితం పెట్టండి. తెల్లది పెడితే ఆ అక్షరాలు ఇంకా తేటపడతాయి. పదిమందిలో తొమ్మిదిమంది ఇక్కడే పొరబడతారు.

మూడోది, "టెక్స్ట్" అన్న మీట నొక్కకండి. చేతిరాతకి రంగులోనే తియ్యండి, 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, సరిపోతుంది. ఏ4 పేజీ 300లో 2480 అడ్డం, 3508 నిలువు చుక్కలు. రంగులో అయితే విప్పిన సైజు దాదాపు 26 ఎంబీ. 600 పెడితే దానికి నాలుగింతలు. నాణ్యత తగ్గని పీఎన్‌జీగా దాచుకోండి, పంచడానికి తర్వాత పీడీఎఫ్ చేసుకోవచ్చు. జేపెగ్ మీద జేపెగ్ చేసుకుంటూ పోతే అక్షరాల చుట్టూ ఈగలు ముసిరినట్టవుతుంది.

తెనాలి_రిటైర్డ్
నవంబర్ 9, సాయంత్రం 6:05

అమ్మా, దిండ్ల సంగతి ఎవరూ చెప్పలేదు, చాలా మేలు చేశారు. ఈ స్కాన్‌ని చదివి తెలుగు అక్షరాలుగా మార్చే ప్రోగ్రామ్ ఉందంటారు కదా, అది మా నాన్నగారి రాతని చదువుతుందా?

వికీసోర్స్_అక్క
నవంబర్ 9, సాయంత్రం 6:20

టెసరాక్ట్ అనే ప్రోగ్రామ్ ఉంది, దానికి తెలుగు ప్యాకేజీ విడిగా వేసుకోవాలి. అచ్చు పుస్తకమైతే ఒక మోస్తరుగా చదువుతుంది, ఒత్తుల దగ్గరా "మ", "య"ల దగ్గరా తడబడుతుంది. చేతిరాత దానికి చేతకాదు. దానికి మీరే కూర్చుని టైప్ చెయ్యాలి మాస్టారూ. ఆయన రాత మీకు తెలిసినట్టు ఏ ప్రోగ్రామ్‌కీ తెలియదు.

తెనాలి_రిటైర్డ్
నవంబర్ 11, రాత్రి 9:30

మొదటి నోటుబుక్కు అయింది. 88 పేజీలు, రెండు పూటలు పట్టింది. దిండ్లు, నల్ల కాగితం, నల్ల నోరు అన్నీ పెట్టాను.

మామూలు కళ్ళకి కనబడనిది ఒకటి తెరమీద పెద్దది చేస్తే కనబడింది. రాయబారం పద్యాలున్నచోట, మూడో పాదం మధ్యలో సన్నగా పెన్సిల్‌తో నిలువు గీత, దాని పక్కన "ఊపిరి" అని. ఆ పక్క పేజీలో ఇంకోటి: "ఊపిరి, హార్మోనీ ఆగాలి". నోటుబుక్కులో ఆ పెన్సిలు ఎప్పుడో చెరిగిపోయిందనుకున్నాను. మా పెద్దక్కకి వాట్సాప్‌లో పంపితే ఫోన్ చేసి ఆ పద్యం అందుకుంది, సరిగ్గా అక్కడే ఆగింది.

ఇప్పుడు నా సమస్య ఇది. ఫైళ్ళకి 1, 2, 3 అని పేర్లు పెట్టుకుంటూ వచ్చాను. పెన్‌డ్రైవ్‌లో వేసి చెల్లెలి టీవీలో చూస్తే 1 తర్వాత 10, 11, 12 వస్తున్నాయి. 2 ఎక్కడో 19 తర్వాత వస్తోంది. లెక్కల మాస్టారికి ఇంతకన్నా అవమానం ఉంటుందా?

నల్లతెర
నవంబర్ 11, రాత్రి 9:52

టీవీకి అది అంకె అని తెలియదు మాస్టారూ, అక్షరాల్లా చూసి వరస పెడుతుంది. 001, 002 అని మూడంకెల్లో పెట్టండి. ఉన్న 88 ఫైళ్ళు చేత్తో మార్చకండి. ఫైల్ మేనేజర్లో అన్నీ వరసలో ఎంచుకుని ఎఫ్2 నొక్కితే ఒకేసారి పేరు మార్చే కిటికీ వస్తుంది.

రెండో నోటుబుక్కుకి అసలు ఆ బాధే లేకుండా చేద్దాం. స్కాన్ఇమేజ్‌కి బ్యాచ్ అనే పద్ధతి ఉంది. పేరులో శాతం గుర్తు, 03, డి అని పెడితే 001 నుంచి అదే వేసుకుంటూ పోతుంది. బ్యాచ్ ప్రాంప్ట్ అన్నది కూడా చేరిస్తే ప్రతి పేజీకీ ఆగి, మీరు ఎంటర్ కొట్టేదాకా ఎదురుచూస్తుంది. పేజీ తిప్పడం, దిండు సర్దడం, ఎంటర్. మౌస్ ముట్టుకునే పనిలేదు. మేనల్లుడుగారూ, దీన్ని ఒక చిన్న స్క్రిప్టుగా రాసి మావయ్య డెస్క్‌టాప్ మీద పెట్టేస్తారా?

మేనల్లుడు_డాలస్
నవంబర్ 11, రాత్రి 10:10

పెట్టేశాను. ఐకాన్ పేరు "రెండో నోటుబుక్కు". మావయ్యా, పడుకునేముందు ఒకసారి నొక్కి చూడు, నేను ఇక్కడే ఉన్నా.

తెనాలి_రిటైర్డ్
నవంబర్ 11, రాత్రి 10:24

నొక్కాను. 001 వచ్చింది. ఎంటర్ కొట్టమంటోంది.